తొక్క ఒలిచిన తరువాత

 

ఈస్టరు ప్రేమ విందులో పెట్టిన అరటిపండు పుడ్డింగు ఎట్లా చేయాలో రాసి పెట్టమని చాలామంది అక్కచెల్లెళ్ళు అడిగారు. ఈ వారము అదే రాస్తున్నాము. కొలతలు అమ్మగారు చెప్తుంటే మేము రాసుకున్నాము. అయితే కొలతలతో పాటు ఇంకొక సంగతి కూడా ఉంది. ఆ పుడ్డింగు మన సంఘములోనికి వచ్చిన దారి అది. దాన్ని వదిలిపెట్టి కొలతలు మాత్రమే ఇస్తే సగమే చెప్పినట్టు అవుతుంది. ఓపికగా చివరి దాకా చదవండి.

ముందు వంట సంగతి.

మన పల్లెల్లో ఓవెను ఉన్న ఇల్లు అరుదు. క్రిస్మసుకు కేకు కావాలంటే కదిరిలో బేకరీకి చెప్పి పెట్టుకోవాలి, లేదంటే కుక్కరులో ఇసుక పోసి తంటాలు పడాలి. ఈ పుడ్డింగుకు ఆ బాధ లేదు. పాలు కాచుకోవడానికి ఒక పొయ్యి, అవి చల్లారే దాకా కాస్త ఓపిక ఉంటే చాలు. కాల్చేది ఏమీ లేదు.

అరటిపండ్లు మన వైపు అంగళ్లలో ఎక్కువగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి పొడుగ్గా ఉండే పచ్చ అరటి. రెండవది బొటనవేలు కంటే కొంచెం పెద్దగా ఉండే ఏలక్కి. పొడుగు పండులో గుజ్జు ఎక్కువ, ఏలక్కిలో తీపి, వాసన ఎక్కువ. ఏది తీసుకున్నా తొక్క మీద గోధుమరంగు చుక్కలు పడిన పండు తీసుకోండి. చుక్కలు పడ్డాయంటే కాయలో ఉన్న పిండి పదార్థము చాలా వరకు చక్కెరగా మారిందని గుర్తు. పచ్చదనం వదలని కాయ వేస్తే గిన్నె అంతా వగరు తగులుతుంది. బండ్ల మీద చుక్కలు పడిన హస్తాలను సాయంత్రానికి ధర తగ్గించి ఇస్తారు. ఎవరూ ఏరుకోని ఆ పండ్లే దీనికి మంచివి.

30 మందికి సరిపడే కొలత ఇది. చిక్కటి పాలు 2 లీటర్లు. వెనీలా కస్టర్డ్ పొడి 100 గ్రాములు. చక్కెర పావు కిలో. పెద్ద అరటిపండ్లు 15, ఏలక్కి అయితే 30 దాకా. మారీ బిస్కెట్లు అర కిలో. 200 మిల్లీలీటర్ల క్రీము డబ్బాలు 2. నిమ్మకాయ ఒకటి. క్రీము దొరకకపోతే రెండు మూడు రోజులు కాచిన పాల మీద మీగడ తీసి ఫ్రిజ్జులో పెట్టుకొని, చల్లగా ఉన్నప్పుడే గిలకొట్టి వాడుకోవచ్చు. ఎక్కువ చిలికితే వెన్న తేలుతుంది కాబట్టి నున్నగా కాగానే ఆపేయాలి.

పాలలో నుండి ఒక పెద్ద గ్లాసు చల్లటి పాలు ముందే పక్కన పెట్టుకోండి. కస్టర్డ్ పొడిని ఆ చల్లటి పాలలోనే కలపాలి. నేరుగా వేడి పాలలో వేస్తే పైన ఉడికి, లోపల పొడిగా ఉండే ఉండలు కడతాయి. మిగిలిన పాలను చక్కెరతో కాచి, పొంగు వచ్చాక మంట తగ్గించి, కలిపి పెట్టుకున్న పాలను సన్నని ధారగా పోయాలి. ఒక చేయి పోస్తూ ఉంటే ఇంకొక చేయి గరిటెను గిన్నె అడుగు దాకా తిప్పుతూనే ఉండాలి. గరిటె వెనుక వేలితో గీత గీస్తే ఆ గీత నిలిచిందంటే చాలు, దించేయండి. చల్లారేటప్పుడు పైన మీగడలాగా కట్టకుండా మధ్యమధ్యలో కలుపుతూ ఉండండి. పూర్తిగా చల్లారిన తరువాతే క్రీము కలపాలి. వేడిలో కలిపితే విరిగినట్టు అవుతుంది.

ఇక పేర్చడం. వెడల్పాటి గిన్నెలో అడుగున బిస్కెట్లు, వాటి మీద చక్రాలుగా కోసిన అరటిపండు, దాని మీద కస్టర్డు. మళ్ళీ బిస్కెట్లు, పండు, కస్టర్డు. ఇట్లా మూడు వరుసలు వచ్చాక పైన కొన్ని బిస్కెట్లు నలిపి చల్లి, మూత పెట్టి, ఫ్రిజ్జులో 5, 6 గంటలు ఉంచాలి. అప్పటికి గట్టి బిస్కెట్టు పాలను పీల్చుకొని కేకులాగా మెత్తబడుతుంది. తొందరపడి గంటకే తీస్తే బిస్కెట్టు బిస్కెట్టుగానే, పాలు పాలుగానే ఉంటాయి. ఫ్రిజ్జు లేనివాళ్ళు ఐసుగడ్డలు వేసిన బేసినులో గిన్నెను పెట్టి, ఐసు కరిగేకొద్దీ మార్చుకుంటూ ఉండాలి. పాల పదార్థము కాబట్టి చల్లదనం నుండి బయటకు తీశాక రెండు గంటలలోపు తినేయాలి. మన ఎండలకు ఇంకా తొందరగానే తినేయడం మంచిది.

ఒక మాట గమనించారా? ఇందులో గుడ్డు లేదు. అసలైన కస్టర్డును ఇంగ్లండులో గుడ్డు సొనతోనే చేసేవారు. బర్మింగ్‌హాం పట్టణంలో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి ఉండేవాడు. ఆయన భార్యకు గుడ్డు పడేది కాదు. ఇంట్లో అందరూ కస్టర్డు తింటుంటే ఆమె ఒక్కతే చూస్తూ కూర్చోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. 1837లో మొక్కజొన్న పిండితో గుడ్డు లేని కస్టర్డు పొడి తయారు చేశాడు. తరువాత అది వ్యాపారమై లోకమంతా పాకింది. ఈ రోజు మనం అంగట్లో కొనే పసుపుపచ్చ పొడి పుట్టుక అది. బల్ల దగ్గర ఒక్కరు తినలేక మిగిలిపోకూడదని ఒక మనిషి పడిన శ్రమ అది. మాంసము తినడం వల్ల సహోదరుడు తొట్రుపడితే తాను మాంసమే ముట్టనని పౌలు భక్తుడు కొరింథీయులకు రాశాడు కదా. ఆ మనసుకు ఇది దగ్గరగా ఉందని మాకు అనిపిస్తుంది.

అరటిపండ్లను మాత్రం అన్నిటికంటే ఆఖరున ఒలవాలి. కస్టర్డు చల్లారి, బిస్కెట్లు పేర్చుకున్న తరువాతే కత్తి పట్టండి. కోసిన పండుకు గాలి తగిలితే నల్లబడుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం తగిలిస్తే ఆలస్యంగా నల్లబడుతుంది. వెంటనే కస్టర్డుతో పూర్తిగా కప్పేస్తే గాలి తగలదు. తొక్క ఉన్నంతసేపు పండుకు భయం లేదు. తొక్క ఒలిచాకే అసలు పరీక్ష మొదలవుతుంది.

ఇక్కడి నుండి రెండవ సంగతి.

అరటిపండుకు మన దేశంలో ఒక ప్రత్యేకమైన మర్యాద ఉంది. ఎవరి చేతితో ఇచ్చినా ఎవరైనా పుచ్చుకుంటారు. పాతకాలంలో మన పల్లెల్లో బియ్యము, పప్పు, కూరగాయలు, పండ్లు ఏ ఇంటి నుండైనా తీసుకునేవారు. అదే ఇంటి అన్నము మాత్రం ముట్టేవారు కాదు. పండుకు తొక్క ఉంది గదా, ఒలిచి పారేస్తే ముట్టుకున్న చేయి కూడా తొక్కతోనే పోతుందని లెక్క. 2020 జనవరిలో మన జిల్లా ఇంకా అనంతపురంలో ఉన్నప్పుడు, తాడిపత్రి స్టేషను నుండి అరటిపండ్లతో ప్రత్యేకమైన రైలు ముంబయి రేవుకు పోయింది. అక్కడి నుండి ఓడల మీద విదేశాలకు. గెలలు కోసిన చేతులు, మోసిన భుజాలు, కడిగి పెట్టెల్లో సర్దిన వేళ్ళు ఎవరివో అక్కడ తినేవాళ్ళు అడగరు. ఇక్కడ కొనేవాళ్ళు కూడా అడగరు.

అదే పండును ఒక అక్క తన ఇంట్లో ఒలిచి, తన గిన్నెలో పేర్చి, తన గరిటెతో పాలు పోసి తెచ్చి ముందు పెడితే? అప్పుడు అది పండు కాదు. ఆమె చేతి వంట. అప్పుడు అడుగుతారు.

పోయిన కోత పండుగనాడు జరిగింది ఇది. ఆ అక్కను అడిగి, ఆమె ఒప్పుకున్న తరువాతే రాస్తున్నాము. పేరు మాత్రం వద్దన్నది. మన సంఘములో రెండు మూడు పేటల వాళ్ళము ఉన్నాము. రాయలసీమలో మిషను కాలము నుండి సంఘాలు ఎక్కువగా ఊరి బయట పేటల్లోనే పుట్టాయి. ఊరంతటికీ దూరంగా ఉంచబడిన ఆ పేటలు కూడా ఒకదానికొకటి దూరము పాటించుకున్నాయి. ఆమె ఏ పేట, తిననివాళ్ళు ఏ పేట అనేది ఇక్కడ రాయము. మీకు తెలుసు.

ఆ అక్క కొన్ని సంవత్సరాలు బెంగళూరులో ఒక ఇంట్లో పని చేసి వచ్చింది. ఈ పుడ్డింగు అక్కడే నేర్చుకున్నది. ఆ ఇంట్లో పిల్లల పుట్టినరోజుకు ఈమే చేసేదంట. అందరూ మెచ్చుకొని తినేవాళ్ళంట. తినడం అయ్యాక ఈమెకు వేరే ప్లేటులో పెట్టి వంటగది పక్కన కూర్చోమనేవాళ్ళంట. సొంత ఊరికి వచ్చాక, మొదటి కోత పండుగకు, శనక్కాయలు కోసిన కూలి డబ్బులతో పాలు, క్రీము కొని, పక్కింటి ఫ్రిజ్జులో రాత్రంతా పెట్టించి, పెద్ద స్టీలు గిన్నెలో తెచ్చింది.

ఆరాధన ముగిసింది. ప్రభువు బల్ల అయింది. ఒకే పళ్ళెములో రొట్టె, ఒకే పాత్ర. అందరమూ వరుసగా మోకరించి తీసుకున్నాము. తరువాత పందిట్లో విందు. చిత్రాన్నము గిన్నె ఖాళీ అయింది. కోడికూర ఖాళీ అయింది. బేకరీ నుండి తెచ్చిన లడ్లు ఖాళీ అయ్యాయి. ఆ స్టీలు గిన్నె దగ్గరకు వచ్చేసరికి ఒకరు "షుగరమ్మా" అన్నారు. ఒకరు "పిల్లోనికి జలుబు" అన్నారు. ఇంకొకరు "కడుపు నిండిపోయింది లేక్కా, శానా బాగుండాదంట" అని పొగిడి పక్కకు పోయారు. షుగరు అన్న చేతిలో లడ్డు ఉంది. ఒక చిన్నపిల్ల గరిటె పట్టుకుంటే వెనుక నుండి చేయి పట్టి లాగారు. మేము, అమ్మగారు, ఇంకొక నలుగురము తిన్నాము. గిన్నె ముప్పావు వంతు అట్లనే ఉంది. ఆమె ఎవరినీ ఒక మాట అనలేదు. మూత పెట్టుకొని, తలమీద పెట్టుకొని, ఇంటికి పోయింది.

ప్రియులారా, దీన్ని చిన్న సంగతి అనుకోవద్దు. గలతీ పత్రిక రెండవ అధ్యాయములో సరిగ్గా ఇదే ఉంది. అంతియొకయలో పేతురు అన్యజనులతో కూర్చొని తింటూ ఉన్నాడు. యాకోబు దగ్గర నుండి కొందరు రాగానే భయపడి మెల్లగా వెనుకకు తగ్గాడు. ఆయనను చూసి మిగిలిన యూదులు, చివరికి బర్నబా కూడా తగ్గారు. పేతురు తప్పుడు బోధ చేయలేదు. ప్రసంగము మార్చలేదు. చేయి మాత్రమే వెనుకకు తీసుకున్నాడు. యొప్పేలో మిద్దె మీద దర్శనము చూసినవాడు, కొర్నేలి ఇంటికి పోయి సువార్త చెప్పినవాడు, తెలియక చేసిన పని కాదు అది. అందుకే పౌలు దాన్ని భోజనము మర్యాద కింద తీసుకోలేదు. సువార్త సత్యానికి సరిపడని నడక అని అందరి ముందర ముఖాముఖిగా చెప్పాడు.

ఈ దేశ చట్టము కూడా చెప్పింది. రాజ్యాంగము 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దానికి శిక్షలు పెడుతూ చట్టము వచ్చింది. టీ అంగట్లో రెండు గ్లాసుల పద్ధతి నేరము. ఆ చట్టాల వల్లనే మన తాతలు నిలబడలేని చోట మనం కూర్చుంటున్నాము. దేవునికి స్తోత్రము. అయితే ఒకరి గిన్నెలో నుండి ఇంకొకరు ఒక గరిటె పెట్టుకొని తినాలని ఏ చట్టమూ బలవంతపెట్టలేదు. అది చేయవలసింది సువార్త. సంఘములో అది జరగకపోతే ఇంకెక్కడ జరుగుతుంది?

ఈ అరటిపండు పుడ్డింగు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చాలా ప్రియమైన వంటకము. చర్చి విందుల్లో తప్పకుండా కనిపిస్తుంది. కెంటకీ రాష్ట్రములో ఫుల్టన్ అనే రైల్వే ఊరు ఉంది. ఓడరేవు నుండి ఉత్తరానికి పోయే అరటిపండ్ల రైళ్ళను అక్కడ ఆపి పెట్టెలకు మళ్ళీ ఐసు నింపేవారు. ఆ జ్ఞాపకముగా అరటి పండుగ పెట్టుకొని, ఒక టన్ను పుడ్డింగు చేసి జనానికి పంచేవారు. వినడానికి ఎంతో బాగుంది. అయితే ఆ దక్షిణ రాష్ట్రాల్లోనే ఎన్నో ఇళ్ళలో, హోటళ్ళలో నల్లజాతి స్త్రీలు వండేవారు, తెల్లవారు తినేవారు, వండినవాళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చోకూడదు. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కెరొలైనా రాష్ట్రం గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ అంగడిలో భోజనాల కౌంటరు దగ్గర కూర్చున్నారు. వారికి వడ్డించలేదు. వాళ్ళు లేవలేదు. మరుసటి రోజు ఇంకొందరు వచ్చి కూర్చున్నారు. జూలైలో అంగడివాళ్ళు దిగివచ్చారు. అప్పుడు ఆ కౌంటరు దగ్గర మొదటగా కూర్చొని తిన్నది ఎవరో తెలుసా? ఆ అంగడిలోనే పని చేస్తున్న నల్లజాతి ఉద్యోగులు.

అక్కడ వండే చేతిని ఒప్పుకున్నారు, పక్కన కూర్చోవడం ఒప్పుకోలేదు. మన దగ్గర పక్కన కూర్చోవడం ఒప్పుకున్నాము, చేతిని ఒప్పుకోలేదు. మన అక్క బెంగళూరులో ఒకటి, సొంత సంఘములో ఇంకొకటి, రెండూ చూసింది.

కోత పండుగ తరువాత ఆదివారము గలతీ రెండవ అధ్యాయము చదివి వినిపించాము. ఎవరి పేరూ ఎత్తలేదు. వినేవాళ్ళు తల వంచుకొని విన్నారు. వినడం వేరు, తినడం వేరు. అప్పుడు అమ్మగారు ఒక ఆలోచన చెప్పింది. ఈస్టరు విందుకు ఇంటింటి నుండి తీపి తేవద్దు, స్త్రీల సమాజము అంతా కలిసి ఒకే తీపి చేద్దాము, ఆ అక్కే నేర్పించాలి అని.

శనివారము మధ్యాహ్నము మందిరము వెనుక రేకుల షెడ్డులో ఎనిమిది మంది చేరారు. ఇద్దరు పని ఉందని రాలేదు. 10 లీటర్ల పాలు. మొదట అందరూ దూరదూరంగా కూర్చున్నారు. కస్టర్డు పోసేటప్పుడు ఒక్కరితో అయ్యే పని కాదు కదా. ఒకరు పోస్తే ఒకరు తిప్పాలి. చేయి నొప్పి పుడితే ఇంకొకరు గరిటె అందుకోవాలి. అక్క పక్కన నిలబడి "అడుగు దాకా తిప్పుక్కా, మాడిపోతాది" అని చెప్తూ ఉంటే, ఆమె చేసింది తిననివాళ్ళే ఆమె మాట ప్రకారము గరిటె తిప్పారు. సాయంత్రానికి 75 పండ్లు ఒలిచారు. అందరి వేళ్ళకూ అదే జిగట, అదే వాసన. గిన్నెలను ఐసు మధ్యలో పెట్టి, రాత్రి ఇద్దరు కుర్రవాళ్ళు కాపలా ఉండి ఐసు మార్చారు.

ఈస్టరు రోజు గిన్నెలు గీరుకొని తిన్నారు. కోత పండుగనాడు ముట్టని ఒక పెద్దాయన రెండుసార్లు పెట్టించుకున్నాడు. మేము ఆయన పక్కనే కూర్చున్నాము. "బాగుందా తాతా?" అని అడిగితే ఆయన నవ్వి, "ఇంతమంది చేతులు పడినాయి గదా అయ్యగారూ, ఇది ఎవురిదని చెప్పేది!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

మాకు సంతోషము వేసింది. అయితే సాయంత్రము గిన్నెలు తోముతున్నప్పుడు ఆ అక్క అమ్మగారితో అన్న మాట మాకు తెలిసింది. "అందరమూ కలిపి చేస్తే అందరూ తిన్యారమ్మా. నేనొక్కదాన్నే చేసుకొనొస్తే తింటారా?"

ఈ ప్రశ్నను మేము చాలా రోజులు మోశాము. తాత అన్న మాట, అక్క అన్న మాట రెండూ ఒకే సంగతి. ఎవరి చేయో తెలియదు కాబట్టి తిన్నాము అని ఆయన అన్నాడు. నా చేయి అని తెలిస్తే తింటారా అని ఆమె అడిగింది. కలిసి చేయడం మంచిదే. దాని వల్లనే స్త్రీలు ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు, ఇప్పుడు బోరు దగ్గర మాట్లాడుకుంటున్నారు. అది దేవుని పని. కానీ అది మొదటి మెట్టు. చేతులు కలిసిపోయి ఎవరివో కనబడకపోతే తినడం సులభము. కొరింథు సంఘానికి పౌలు రాసింది చూడండి. భోజనానికి కూడి వచ్చినప్పుడు ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకొని ఉండమన్నాడు. ఒకరి కోసం కనిపెట్టాలంటే ఆ ఒకరు ఎవరో తెలియాలి. ముఖము తెలియాలి, పేరు తెలియాలి. ప్రభువు జక్కయ్యను జనంలో ఒకడిగా దీవించి వెళ్ళిపోలేదు. చెట్టు మీద ఉన్నవాడిని పేరు పెట్టి పిలిచి, నీ ఇంటికే వస్తానన్నాడు. జనమంతా సణుగుకున్నారు. ఆయన పోయాడు.

పోయిన నెల మేము, అమ్మగారు ఆ అక్క ఇంటికి పోయాము. వచ్చే కోత పండుగకు నీ గిన్నె నువ్వే చేసుకొని తీసుకొని రా అని అడిగాము. ఆమె అప్పుడు ఒప్పుకోలేదు. రెండు వారాలు ఆలోచించుకొని, ఒక ఆదివారము ఆరాధన అయ్యాక వచ్చి చెప్పింది. "తెస్తాను అయ్యగారూ. కానీ ఈసారి నెత్తిన పెట్టుకొని వెనక్కి మోసుకోను. మిగిలితే ఆ బల్ల మీదనే పెట్టి పోతా. అందరూ చూడనీ."

అందుకే ఈ రోజు కొలతలు రాశాము, సంగతి కూడా రాశాము. కోత పండుగకు ఇంకా సమయము ఉంది. ఇది చదివే మన సంఘస్తులందరికీ మా మనవి ఒకటే. ఆ రోజు పందిట్లో ఒక స్టీలు గిన్నె ఉంటుంది. అది ఎవరిదో మీకందరికీ తెలిసి ఉంటుంది. తెలిసే రండి, తెలిసే గరిటె పట్టండి. షుగరు ఉన్నవాళ్ళు డాక్టరు మాట ప్రకారమే నడుచుకోండి. మీ కోసము చక్కెర వేయకుండా ఒక చిన్న గిన్నె వేరుగా చేస్తానని ఆమే చెప్పింది. అయినా పండు తీపి ఉంటుంది కాబట్టి ఒక చెంచా చాలు. అసలు తినకూడనివాళ్ళు లడ్డు కూడా పక్కన పెట్టండి. పిల్లలు గరిటె పట్టుకుంటే దయచేసి వెనుక నుండి లాగవద్దు. వాళ్ళకు మన లెక్కలు ఇంకా రావు, రాకపోవడమే మేలు.

దూరంగా ఉన్న బిడ్డలారా, మీలో చాలామంది ఇతరుల ఇళ్ళలో, క్యాంపుల్లో, హోటళ్ళలో వండుతున్నారు. మీరు చేసింది తిని మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టనివాళ్ళు ఉండవచ్చు. ఆ బాధ మీకు తెలుసు కాబట్టి ఊరికి ఫోను చేసినప్పుడు మీ అమ్మానాన్నలతో ఈ గిన్నె గురించి ఒక మాట చెప్పండి. మేము చెప్పినదానికంటే మీరు చెప్తే ఎక్కువ వింటారు.

పరలోకమందున్న మా తండ్రీ, మా మధ్య ఉన్న దూరాలు నీకు తెలుసు. నీ బల్ల దగ్గర ఒక్కటిగా కూర్చున్న మమ్మల్ని పందిట్లో వేరు కానీయకుము. మా బిడ్డ చేసుకొని వచ్చే గిన్నె ఖాళీగా ఇంటికి పోయేటట్టు మా చేతులను సిద్ధపరచుము. యేసు నామమున, ఆమేన్.

మీ సంఘకాపరి,
ఆమడగూరు